బ్లూంబరో: గడ్డిపరకంత ఎత్తు నుంచి చూసిన యుద్ధం

మ్యాజిక్: ది గ్యాదరింగ్ కార్డుల ఆటకు 2024 ఆగస్టు 2న విడుదలైన బ్లూంబరో విస్తరణలో (కొత్త కార్డుల సెట్‌లో) ఒక్క మనిషి కూడా కనిపించడు. 1993లో రిచర్డ్ గార్‌ఫీల్డ్ రూపకల్పనతో మొదలైన ఈ ఆటలో దేవదూతలు, డ్రాగన్లు, మాంత్రికులు తలపడటం ఆటగాళ్ళకు అలవాటైన దృశ్యం. ఈ సెట్ మాత్రం వాటన్నిటినీ పక్కన పెట్టి, వ్యాలీ అనే లోయలో ఇళ్ళు కట్టుకుని, కత్తులు పట్టుకుని, వంటలు చేసుకుని బతికే చిన్న జంతువుల లోకంలోకి మనల్ని తీసుకువెళుతుంది. వేరే లోకాల నుంచి వచ్చిన మాంత్రికులు సైతం ఇక్కడ అడుగుపెట్టగానే జంతువుల రూపంలోకి మారిపోతారు. పాత ఆటగాళ్ళకు బాగా తెలిసిన రాల్ జారెక్ ఇందులో నీటికుక్కగా కనిపిస్తాడు.

బొమ్మలు ముద్దుగా ఉన్నాయన్న ఒక్క కారణంతో ఈ సెట్‌ను ఇష్టపడేవారు చాలామంది ఉన్నారు, వారిని నేను తప్పుపట్టను. కానీ నన్ను ఇన్ని నెలలుగా ఈ కార్డుల దగ్గరే నిలిపినది బొమ్మలు కాదు. చిన్న ప్రాణికి లోకం ఎలా కనిపిస్తుందో ఈ సెట్ నియమాల రూపంలో చెబుతుంది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటాం కదా, ఆ సామెతను ఎలుక వైపు నిలబడి చూపించిన సెట్ ఇది.

దీనికి మాహా అనే గుడ్లగూబ కార్డును మించిన ఉదాహరణ లేదు. ఈ లోకంలో గుడ్లగూబ, ఎలుగుబంటి వంటి పెద్ద జంతువులను ప్రకృతి విపత్తులుగా చూస్తారు, అవి కదిలితే రాత్రి కమ్ముకుంటుంది, అడవి మారిపోతుంది. ఐదు మానాతో (కార్డులు వేయడానికి ఖర్చుపెట్టే శక్తితో) బల్ల మీదకు వచ్చే మాహా 6/5, అంటే కొట్టే బలం ఆరు, దెబ్బ తట్టుకునే దేహదారుఢ్యం ఐదు, అది ఎగురుతుంది కూడా, అంతేకాక అది ఉన్నంతసేపూ ప్రత్యర్థి జీవులన్నిటి మూల దేహదారుఢ్యం ఒకటికి పడిపోతుంది. మామూలుగా ఒక పెద్ద రాక్షసిని కార్డుగా మార్చాలంటే దాని అంకెలను పెంచితే సరిపోతుంది. ఇక్కడ రూపకర్తలు దాని అంకెలతో ఆగకుండా ఎదుటివారి అంకెలను కూడా తగ్గించారు. రాత్రి గుడ్లగూబ నీడ పడినప్పుడు ఎంత వీరుడైన చిట్టెలుకైనా ఒక్క దెబ్బకు పోయే ప్రాణమే అన్న సంగతిని ఒక్క వాక్యంలో ఆడించి చూపడం నాకు ఈ సెట్ మొత్తంలో అన్నిటికంటే గొప్ప పనితనంగా అనిపించింది. ఆడేవారి దగ్గర మానా ఇచ్చే భూమి కార్డులు ఎన్ని ఉంటే అంత బలం తెచ్చుకునే లుమ్రా అనే ఎలుగుబంటి కూడా ఇదే ఆలోచనకు చెందినది, కాకపోతే దానిలో ఆ పదును కొంత తక్కువ.

సెట్‌లో పది జాతులు ఉన్నాయి: చిట్టెలుకలు, కుందేళ్ళు, పక్షులు, గబ్బిలాలు, ఎలుకలు, బల్లులు, ఉడుతలు, కప్పలు, రకూన్లు, నీటికుక్కలు. ఆటలోని ఐదు రంగులను జంటలుగా కలిపితే వచ్చేవి పదే కాబట్టి ఒక్కో జాతికి ఒక్కో జంట దక్కింది. ఒక్కో జాతి ఆడే తీరు కూడా దాని స్వభావానికి దగ్గరగా ఉంటుంది. తెలుపు, ఆకుపచ్చ రంగుల కుందేళ్ళు గుంపుగా పెరుగుతాయి. నలుపు, ఆకుపచ్చ రంగుల ఉడుతలు ఆహారాన్ని వదులుకునో, గ్రేవ్‌యార్డ్ (వాడేసిన, చనిపోయిన కార్డుల కుప్ప) నుంచి మూడు కార్డులు తీసేసో ఫలితం రాబట్టుకుంటాయి. తెలుపు, నలుపు గబ్బిలాలు ఆడేవారి ప్రాణాల లెక్క పెరిగినా తరిగినా లాభం పొందుతాయి. కొత్తగా వచ్చిన ఆటగాడికి పాతిక పేజీల నియమాలు చెప్పనవసరం లేకుండా, కప్ప గెంతుతుందని చెబితే కప్పల డెక్ (కార్డుల కట్ట) తన కార్డులను చేతిలోకి వెనక్కి తీసుకుని మళ్ళీ ఎందుకు వేస్తుందో దానంతటదే అర్థమవుతుంది.

కొత్త నియమాలలో ఆఫ్‌స్ప్రింగ్ అందరికీ వెంటనే నచ్చుతుంది. జీవిని వేసేటప్పుడు కొంత మానా అదనంగా చెల్లిస్తే, అది వచ్చాక దాని నకలు 1/1 బిడ్డగా పక్కన చేరుతుంది. ఆట మొదట్లో తల్లిని ఒంటరిగా వేయవచ్చు, చివర్లో మానా మిగిలినప్పుడు బిడ్డతో సహా వేయవచ్చు, అందువల్ల ఒకే కార్డు రెండు దశలలోనూ పనికి వస్తుంది. చిక్కు బల్ల మీద ఉంది. ఆ బిడ్డకు తల్లి శక్తులన్నీ ఉంటాయి కాబట్టి ఏ టోకెన్ (నకలును సూచించే గుర్తు కార్డు) ఏ తల్లిదో గుర్తుపెట్టుకోవాలి, సరైన టోకెన్ కార్డు చేతిలో లేకపోతే కాగితపు ముక్కల మీద పేర్లు రాసుకుని ఆడాలి. మూడు నాలుగు రకాల బిడ్డలు పోగైన ఆటలో ప్రత్యర్థి తన లెక్క తప్పడానికి కారణం నా బల్ల గజిబిజిగా ఉండటమేనని నాకు ఒకటి రెండుసార్లు బాధ కలిగింది.

గిఫ్ట్ మాత్రం నాకు అన్నిటికంటే ఇష్టమైన నియమం. కార్డు వేస్తూ ప్రత్యర్థికి ఏదైనా బహుమతి ఇస్తానని మాట ఇస్తే, ఆ కార్డు ఇంకా గట్టిగా పనిచేస్తుంది. ఒక్క నీలి మానాతో వేసే ఇంటు ది ఫ్లడ్ మా కార్డును తీసుకుందాం. మామూలుగా అది ప్రత్యర్థి జీవిని మాత్రమే చేతిలోకి తిప్పి పంపుతుంది, బహుమతి ఇస్తే భూమి కాని దేన్నైనా పంపగలదు. ఆ బహుమతి ట్యాప్ అయి, అంటే ఆ టర్న్‌కు అడ్డుకోలేని స్థితిలో వచ్చే 1/1 చేప. ఒక డ్రాఫ్ట్‌లో (అక్కడికక్కడే కార్డులు ఎంచుకుని ఆడే పద్ధతిలో) కప్పల డెక్‌తో ఆడుతూ, ప్రత్యర్థి ఎంతో ఖర్చుపెట్టి నిలబెట్టుకున్న ఎన్‌చాంట్‌మెంట్‌ను (బల్ల మీదే ఉండి పనిచేసే మంత్రపు కార్డును) నేను ఈ కార్డుతో వెనక్కి పంపాను. చేప ట్యాప్ అయి వచ్చింది కాబట్టి ఆ టర్న్‌లో నా దాడిని ఆపలేకపోయింది, నా లెక్క సరిగ్గానే ఉందనుకున్నాను. రెండు టర్న్‌ల తర్వాత ఆటను ముగించవలసిన నా కప్పకు ఎదురుగా వచ్చి నిలిచినది ఆ చేపే. ఆ ఆటను నేను ఓడిపోయాను. ఇచ్చిన ప్రతి బహుమతికీ ఎప్పుడో ఒకప్పుడు మూల్యం ఉంటుందన్న ఒత్తిడి ఒక్క మానా కార్డులో ఇమడటం మంచి రూపకల్పనకు గుర్తు, ఓడిన రోజున కూడా నాకు అలాగే అనిపించింది.

ఇక డ్రాఫ్ట్ గురించి కొంచెం నిష్ఠూరంగానే చెప్పాలి. ఒక్కొక్కరు 14 కార్డుల బూస్టర్ ప్యాకెట్లు మూడు తెరిచి, ఒక్కో కార్డు ఎంచుకుంటూ మిగతావి పక్కవారికి అందిస్తూ, చివరికి 40 కార్డుల డెక్ కట్టుకునే పద్ధతి ఇది. ప్రతి జాతికీ రంగుల జంట ముందే ఖాయమైపోయినందువల్ల, మొదటి అయిదారు కార్డులు తీసుకునేసరికి దారి నిర్ణయమైపోతుంది. ఉడుతలు దక్కుతున్నాయని తెలిశాక మిగతా ఆటంతా ఉడుత కనిపిస్తే తీసుకోవడం, కనిపించకపోతే నలుపో ఆకుపచ్చో తీసుకోవడం వరకే. మొదటి పది డ్రాఫ్ట్‌లలో ఇది హాయిగా ఉంటుంది, ఏం చేయాలో తెలియక తడబడే అవసరం ఉండదు. ఇరవయ్యో డ్రాఫ్ట్‌కు వచ్చేసరికి నేను కార్డులను ఎంచుకోవడం మానేసి ఏరుకోవడం మొదలుపెట్టానని గ్రహించాను. జాతుల మధ్య గోడలు కొంచెం పల్చగా ఉండి, రెండు మూడు జాతులలో చెల్లే కామన్ (సులభంగా దొరికే) కార్డులు ఇంకొన్ని ఉంటే ఈ సెట్ ఇంకా ఎక్కువ కాలం తాజాగా ఉండేది. ఒక టర్న్‌లో నాలుగో మానా ఖర్చుపెట్టినప్పుడు ఫలితమిచ్చే రకూన్ల పద్ధతి నాకైతే నీరసంగా తోచింది, మంచి ఆటగాడు ఎలాగూ మానా అంతా వాడుకుంటాడు కదా.

సొంత డెక్‌లతో ఆడే స్టాండర్డ్ అనే పద్ధతిలో అసలు కథ చిట్టెలుకలది. ఎరుపు మానా ఒకటి పెట్టి వేసే హార్ట్‌ఫైర్ హీరో 1/1 జీవి, మన కార్డో శక్తో దాన్ని ఒక టర్న్‌లో మొదటిసారి లక్ష్యం చేసుకున్నప్పుడు దానిమీద +1/+1 కౌంటర్ (బలాన్ని, దారుఢ్యాన్ని ఒక్కొక్కటి పెంచే గుర్తు) చేరుతుంది, చనిపోతే తన బలమంత దెబ్బ ప్రత్యర్థికి తగులుతుంది. రెండో టర్న్‌లో వచ్చే మానిఫోల్డ్ మౌస్ ప్రతి పోరాటం మొదట్లోనూ ఒక చిట్టెలుకను లక్ష్యం చేసుకుని దానికి రెండుసార్లు కొట్టే శక్తిని ఇవ్వగలదు. లెక్క వేయండి: రెండో టర్న్‌లో హీరో 2/2 అయి రెండు దెబ్బలు వేస్తే నాలుగు, మూడో టర్న్‌లో 3/3 అయి రెండు దెబ్బలు వేస్తే ఆరు. మరో కార్డు అవసరం లేకుండానే, మూడో టర్న్‌లో మూడు మానా ఇంకా చేతిలో ఉండగానే, ప్రత్యర్థి ఇరవై ప్రాణాలలో సగం పోయాయి. అడ్డుకోవడానికి ఆ చిట్టెలుకను చంపితే అది పోతూ పోతూ మళ్ళీ కొడుతుంది. ఆడేవారికి ఉత్సాహంగానే ఉంటుంది కానీ, ఎదుటి కుర్చీలో కూర్చున్నవారికి రెండో టర్న్‌కల్లా సమాధానం చేతిలో లేకపోతే ఆట లేనట్టే. 2025 జూన్ 30న స్టాండర్డ్‌లో నిషేధించిన ఏడు కార్డులలో హార్ట్‌ఫైర్ హీరో కూడా ఉంది. నా డెక్‌లో ఉన్న కార్డే అయినా ఆ నిర్ణయం న్యాయమైనదని నా అభిప్రాయం, అది ఇంకా ముందే వచ్చి ఉంటే ఈ సెట్‌లోని నెమ్మదైన, చక్కని కార్డులకు ఆడే చోటు దక్కేది.

అలాంటి కార్డులలో సీజన్ ఆఫ్ లాస్ ఒకటి. దానిమీద ఎంపికల పక్కన ధరలుగా పాదముద్రలు ఉంటాయి, మొత్తం ఐదు పాదముద్రలను మనకు నచ్చినట్టు పంచుకోవచ్చు, ఒకే ఎంపికను పలుమార్లు తీసుకోవచ్చు కూడా. చనిపోయే జీవుల సంఖ్యను పెంచుకోవాలా, చనిపోయినవాటికి బదులుగా కార్డులు తీసుకోవాలా అన్న లెక్క ప్రతి ఆటలోనూ కొత్తగా తేలుతుంది.

సెట్‌తో పాటు, కమాండర్ అనే మరో ఆట పద్ధతి కోసం వచ్చిన నాలుగు డెక్‌లు నూరేసి కార్డులతో వెంటనే ఆడుకోవడానికి సిద్ధంగా ఉంటాయి. వాటిలో ఉడుతల డెక్ అయిన స్క్విరల్డ్ అవే ఒక దిశలో నిలకడగా సాగుతుంది కాబట్టి ఆట కొత్తవారికి నేను దాన్నే చూపిస్తాను. స్నేహితులతో కలిసి నాలుగైదుసార్లు డ్రాఫ్ట్ ఆడదలిచినవారికి బూస్టర్ల పెట్టె సార్థకం. ఒకటి రెండు అరుదైన కార్డుల కోసం బూస్టర్లు తెరిచే ఆలోచన ఉంటే మాత్రం మానుకుని, ఆ కార్డులనే విడిగా కొనుక్కోవడం మంచిది.

బూస్టర్లలో చాలామంది చూడకుండా పక్కన పడేసే భూమి కార్డులను మాత్రం దాచుకోండి. ఒకే చోటును వసంతం, వేసవి, ఆకురాలే కాలం, శీతాకాలాలలో నాలుగుసార్లు చిత్రించారు. కార్డులను వరుసగా పేర్చి చూస్తే అదే దృశ్యం పచ్చబడి, ఎండి, మంచులో మునగడం కనిపిస్తుంది. నా కుందేళ్ళ డెక్‌లో మైదానాలన్నీ శీతాకాలానివే పెట్టుకున్నాను, అడవులన్నీ వసంతానివి.