వీఎఫ్‌డీ మోటార్‌కి ఐసోలేటర్ కొంటున్నారా? ఆక్సిలరీ కాంటాక్ట్ ఉందో లేదో ముందు చూడండి

మా బాయిల్డ్ రైస్ మిల్లులో బాయిలర్ ఐడీ ఫ్యాన్‌ని (పొగని చిమ్నీలోకి లాగే ఫ్యాన్) 15 హెచ్‌పీ మోటార్ తిప్పుతుంది, దాన్ని వీఎఫ్‌డీ (మోటార్ వేగాన్ని మార్చే డ్రైవ్) మీద నడుపుతాం. డ్రైవేమో ప్యానెల్ రూమ్‌లో, ఫ్యానేమో బయట చిమ్నీ పక్కన. బెల్టు మార్చాలన్నా బేరింగ్ చూడాలన్నా ప్యానెల్ దగ్గర ఒకణ్ణి నిలబెట్టి, ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వకు అని చెప్పి వెళ్లడమే ఇన్నాళ్లూ మా పద్ధతి. అవతల మనిషి చెయ్యి పుల్లీ మీద ఉంటే ఇవతల నాకు టెన్షన్. అందుకే ఈ సీజన్‌కి ముందు మోటార్ పక్కనే తాళం వేసుకునే రోటరీ ఐసోలేటర్ (మోటార్‌ని కరెంట్ నుంచి పూర్తిగా విడదీసే తిప్పుడు స్విచ్) పెట్టించాం. 3 పోల్, 40 ఆంపియర్, దుమ్మూ నీళ్లూ లోపలికి పోని ఐపీ65 ప్లాస్టిక్ బాక్స్. సీజన్ మొత్తం నడిచింది కాబట్టి ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నా.

కీప్యాడ్ మీద స్టాప్ నొక్కితే చాలు కదా అని మా ఓనర్‌గారు కూడా అడిగారు. చాలదు సార్. స్టాప్ నొక్కితే డ్రైవ్ లోపల ఐజీబీటీలు (మోటార్‌కి కరెంట్ పంపే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు) స్విచింగ్ ఆపుతాయి అంతే, మోటార్‌కి వెళ్లే వైర్లు లైన్ నుంచి విడిపోవు. సేఫ్ టార్క్ ఆఫ్ అనే సేఫ్టీ ఫంక్షన్ ఉన్న డ్రైవ్ అయినా మోటార్‌ని తిరగనివ్వదు గానీ కరెంట్‌ని విడదీయదు. పైగా సెలెక్టర్ స్విచ్‌తో రన్ ఇచ్చే వైరింగ్ అయితే కరెంట్ పోయి వచ్చిన మరుక్షణం ఫ్యాన్ దానంతటదే తిరగొచ్చు, ఆటో రీస్టార్ట్ ఎలా సెట్ చేశారో చాలా మిల్లుల్లో ఎవరికీ గుర్తుండదు.

ఈ ఐసోలేటర్‌లో నాకు బాగా నచ్చింది ఆక్సిలరీ కాంటాక్ట్, అంటే మెయిన్ కాంటాక్ట్‌లతో పాటు అదే హ్యాండిల్‌తో కదిలే చిన్న సిగ్నల్ కాంటాక్ట్. హ్యాండిల్ తిప్పడం మొదలుపెట్టగానే మెయిన్ కాంటాక్ట్‌లు విడిపోవడానికి కొన్ని మిల్లీసెకన్ల ముందే ఇది తెగుతుంది, ఆన్ చేసేటప్పుడు అన్నిటికన్నా చివర కలుస్తుంది. దీన్ని డ్రైవ్ ఎనేబుల్ ఇన్‌పుట్‌కి (డ్రైవ్ నడవడానికి అనుమతి ఇచ్చే సిగ్నల్) వేశాం. అంటే మెయిన్ కాంటాక్ట్‌లు విడిపోయేసరికి డ్రైవ్ అవుట్‌పుట్ ఆగిపోయి ఉంటుంది. ఇది లేకుండా నడుస్తున్న డ్రైవ్ అవుట్‌పుట్‌ని మధ్యలో తెంపితే లోపల ఆర్క్ వస్తుంది. మామూలు 50 హెర్ట్జ్‌లో కరెంట్ ప్రతి 10 మిల్లీసెకన్లకి ఒకసారి సున్నాకి వస్తుంది కాబట్టి ఆర్క్ తొందరగా ఆరిపోతుంది, అదే డ్రైవ్ 5 హెర్ట్జ్‌లో ఉంటే సున్నా రావడానికి 100 మిల్లీసెకన్లు పడుతుంది, అంతసేపూ కాంటాక్ట్‌లు కాలుతూనే ఉంటాయి. ఇక ఎవరో తొందరపడి మళ్లీ ఆన్ చేస్తే నడుస్తున్న డ్రైవ్ మీద మోటార్ ఒక్కసారిగా పడి ఓవర్ కరెంట్ ట్రిప్, మన టైమ్ బాగోకపోతే ఐజీబీటీయే పోతుంది.

ఎనేబుల్ పోయినప్పుడు డ్రైవ్ కోస్ట్ స్టాప్ (అవుట్‌పుట్ వెంటనే ఆపేసి మోటార్‌ని దానంతటదే ఆగనివ్వడం) అయ్యేలా పెట్టండి, ర్యాంప్ స్టాప్ (మెల్లగా వేగం తగ్గిస్తూ ఆపడం) పెడితే కాంటాక్ట్‌లు విడిపోయేటప్పటికి డ్రైవ్ ఇంకా అవుట్‌పుట్ ఇస్తూనే ఉంటుంది, ఈ కాంటాక్ట్ ఉండీ లేనట్టే. ఐసోలేటర్ తిరిగి ఆన్ చేయగానే ఫ్యాన్ తిరగకూడదు కూడా. మేము సెలెక్టర్ తీసేసి స్టార్ట్, స్టాప్ పుష్ బటన్లు పెట్టాం, తాళం తీసి ఆన్ చేసినా మళ్లీ స్టార్ట్ నొక్కితేనే కదులుతుంది.

తాళం వేసే ఏర్పాటు బాగుంది, ఆఫ్‌లో ఉంటేనే పడుతుంది. ఒకేసారి 3 తాళాలు పడతాయి కాబట్టి ఫిట్టర్ తాళం ఫిట్టర్‌ది, ఎలక్ట్రీషియన్ తాళం ఎలక్ట్రీషియన్‌ది. ఆన్‌లో ఉండగా మూత తెరుచుకోదు. మేము నల్ల హ్యాండిల్ తీసుకున్నాం. ఎరుపు, పసుపు హ్యాండిల్ చూస్తే ఎమర్జెన్సీ స్విచ్ అనుకుంటారు, రిపేర్ కోసం పెట్టిన దానికి అది వద్దు.

నచ్చనివీ ఉన్నాయి. ఆక్సిలరీ కాంటాక్ట్ విడిగా కొనాలి, కౌంటర్‌లో అడిగితే తప్ప ఎవరూ చెప్పరు, మామూలు ఆక్సిలరీ ఇచ్చి పంపించే ప్రమాదమూ ఉంది, ఎర్లీ బ్రేక్ (మెయిన్ కన్నా ముందే తెగేది) అని అడిగి తీసుకోండి. బాక్స్ లోపల చోటు తక్కువ, షీల్డెడ్ కేబుల్ (డ్రైవ్ ఎలక్ట్రికల్ నాయిస్ బయటికి పోకుండా లోహపు తొడుగు ఉన్న కేబుల్) వంచి లగ్ వేయడానికి మావాడు నానా తంటాలు పడ్డాడు. ప్లాస్టిక్ బాక్స్‌లో షీల్డ్ పట్టుకునే క్లాంప్ కూడా లేదు, రెండు వైపుల షీల్డ్‌నీ మేమే విడిగా కలపాల్సి వచ్చింది. మీ దగ్గర సెన్సర్లు, తూకం మిషన్లు పక్కనే ఉంటే మెటల్ బాక్స్ మోడల్‌కే వెళ్లండి.

రేటింగ్ దగ్గర కూడా జాగ్రత్త. ముందు పెద్దగా రాసిన 40 ఆంపియర్ చూసి కొనకుండా, లేబుల్ మీద ఐఈసీ 60947-3 (ఇలాంటి స్విచ్‌ల ప్రమాణం) కింద ఏసీ-23ఏ దగ్గర ఎంత రాశారో చదవండి, మోటార్ లోడ్‌కి లెక్క అది. మా మోటార్ ఫుల్ లోడ్ సుమారు 21 ఆంపియర్లు, ఏసీ-23ఏ లో కూడా దానికి సరిపోయింది.

కొన్నవాళ్లకి ఇంకొక్క మాట. ఈ తాళం పడితే మోటార్ వైపు పని చేసుకోవచ్చు, డ్రైవ్ మూత తీయడానికి మాత్రం ఇది పనికిరాదు. 415 వోల్టుల సప్లై మీద డ్రైవ్ లోపలి డీసీ బస్ దాదాపు 580 వోల్టులు ఉంటుంది, మెయిన్ ఎంసీసీబీ (మెయిన్ బ్రేకర్) ఆఫ్ చేశాక కూడా కెపాసిటర్లలో అది కాసేపు నిలిచే ఉంటుంది. డ్రైవ్ మీద రాసినన్ని నిమిషాలు ఆగి, ప్లస్ మైనస్ టెర్మినల్స్ మధ్య మీటర్‌తో డీసీ చూశాకే చెయ్యి పెట్టండి, టెస్టర్ వెలగలేదు కదా అని నమ్మొద్దు.

పెట్టిన డబ్బుకి నేను 5కి 4 ఇస్తా. ఆ క్లాంప్ ఒక్కటి ఇచ్చి, ఆక్సిలరీని బాక్స్‌లోనే పెట్టి అమ్మితే 5 ఇచ్చేవాణ్ణి. డ్రయర్ బ్లోవర్లకీ ఇదే ఆర్డర్ పెట్టాం, ఈసారి మెటల్ బాక్స్.