జర్మనీ బ్లూ కార్డ్ చేతిలో ఉండగా నెదర్లాండ్స్ ఆఫరా, డబ్లిన్ ఆఫరా, ఉన్నచోటే ఉండటమా: ఏది మేలు?

జర్మనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, బ్లూ కార్డ్ (నైపుణ్యం ఉన్న విదేశీ ఉద్యోగులకు యూరోపియన్ యూనియన్, అంటే ఈయూ, దేశాలిచ్చే పర్మిట్) మీద రెండు మూడేళ్లు గడిచాయి. ఇంతలో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ నుంచో ఐర్లాండ్‌లోని డబ్లిన్ నుంచో పిలుపు. జీతం కాస్త ఎక్కువే. వెళ్లాలా వద్దా? ఈమధ్య తెలుగువాళ్లు పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది. జవాబులన్నీ జీతం దగ్గర మొదలై ట్యాక్సు దగ్గర ఆగిపోతున్నాయి. నా లెక్కలో ఆ రెండూ తర్వాతి మాటలు. మీ పీఆర్ (శాశ్వత నివాస హక్కు), పౌరసత్వం లెక్కలో ఇప్పటికి ఎన్ని నెలలు జమయ్యాయి, దేశం మారితే అందులో ఎన్ని మిగులుతాయి అన్నదే ముందు తేల్చుకోవాలి.

ముందు నెలలు లెక్కపెట్టండి

బ్లూ కార్డ్ ఉన్నవాళ్లకు బీ1 (మధ్య స్థాయి) జర్మన్ వస్తే 21 నెలలకు, ఏ1 (తొలి స్థాయి) మాత్రమే ఉంటే 27 నెలలకు నీడర్‌లాసుంగ్స్‌ఎర్లౌబ్నిస్, అంటే జర్మనీ పీఆర్ వస్తుంది. అన్ని నెలలూ పెన్షన్ కట్టి ఉండాలి. పౌరసత్వానికి 5 ఏళ్లు, బీ1, దానితోపాటు 33 ప్రశ్నల్లో 17 సరిగ్గా చెప్పాల్సిన పరీక్ష. మూడేళ్లకే పాస్‌పోర్ట్ ఇచ్చే దారిని 2025 అక్టోబరులో మూసేశారు.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. "పీఆర్ వచ్చేసింది కదా, ఇక ఎక్కడికెళ్తే ఏం" అనుకుంటారు. నీడర్‌లాసుంగ్స్‌ఎర్లౌబ్నిస్ జర్మనీ సరిహద్దు దాటితే ఉద్యోగానికి పనికిరాదు. పైగా వేరేచోట స్థిరపడే ఉద్దేశంతో వెళ్లినా, 6 నెలల్లో తిరిగి రాకపోయినా రద్దవుతుంది. అలాంటిదే ఇంకో కార్డు ఉంది, డావర్‌ఔఫెంట్‌హాల్ట్-ఈయూ, అంటే ఈయూ దీర్ఘకాలిక నివాస కార్డు. దీనికి 5 ఏళ్లు నిండాలి. కానీ ఇది తీసుకుని వెళ్తే, ఈ కార్డు అమలయ్యే ఈయూ దేశాల్లోనే (ఐర్లాండ్, డెన్మార్క్ వీటిలో లేవు) ఉంటూ అక్కడ మళ్లీ అదే కార్డు తీసుకోనంతవరకు, జర్మనీ బయట 6 ఏళ్ల దాకా ఇక్కడి హక్కు చెక్కుచెదరదు. అక్కడ నచ్చకపోతే వెనక్కి రావచ్చు. ఫీజు 109 యూరోలు. విదేశీయుల పర్మిట్లు చూసే ఆఫీసులో అడిగితే తప్ప ఈ కార్డు సంగతి ఎవరూ చెప్పరు.

నాలుగేళ్లు దాటినవాళ్లకు నా సలహా ఒక్కటే, కదలకండి. జర్మన్ పాస్‌పోర్ట్ వచ్చాక నెదర్లాండ్స్‌లోనైనా ఐర్లాండ్‌లోనైనా పర్మిట్ అక్కర్లేదు, జీతం హద్దు అక్కర్లేదు. భారత పాస్‌పోర్ట్ వదులుకుని ఓసీఐ (విదేశీ పౌరులైన భారత మూలాలవాళ్ల కార్డు) తీసుకోవాల్సి వస్తుందనేది మూడు దేశాలకూ ఒకటే కాబట్టి దాన్ని పక్కన పెట్టండి. పౌరసత్వానికి అప్లికేషన్ పెట్టేశాం కదా అని, అది తేలకముందే మకాం మారిస్తే ఆ ఫైలు గాలికి పోయినట్టే. రెండేళ్లలోపు వాళ్లకు పోయేది తక్కువ, ధైర్యంగా ఆలోచించవచ్చు. ఇక్కట్లన్నీ ఈ రెంటికీ మధ్యలో ఉన్నవాళ్లవే. వాళ్లకు నెదర్లాండ్స్, ఐర్లాండ్ ఒకటి కావు.

నెదర్లాండ్స్: కార్డు పేరు, సంతకం తేదీ

ఈయూ బ్లూ కార్డ్ మీద జర్మనీలో 12 నెలలు పూర్తయితే నెదర్లాండ్స్ బ్లూ కార్డ్‌కు మారొచ్చు. ముందస్తు వీసా అక్కర్లేదు, అక్కడికి చేరిన నెలలోపు అప్లై చేయాలి. ఇలా మారితే ఈయూ దీర్ఘకాలిక నివాసపు 5 ఏళ్లలో జర్మనీ ఏళ్లు కూడా కలుస్తాయి, చివరి 2 ఏళ్లు నెదర్లాండ్స్‌లో ఉంటే చాలు. ఏ2 డచ్ పరీక్ష మాత్రం తప్పదు. డచ్ పౌరసత్వానికి జర్మనీ ఏళ్లు కలవవు.

అయితే డచ్ కంపెనీల హెచ్ఆర్‌లకు అలవాటైన దారి కెనిస్‌మిగ్రంట్ పర్మిట్, అంటే నైపుణ్యం ఉన్న విదేశీ ఉద్యోగులకు నెదర్లాండ్స్ సొంతంగా ఇచ్చే పర్మిట్. మీరు నోరు తెరిచి అడగకపోతే అదే పెట్టేస్తారు. 2025లో 30 ఏళ్లు దాటినవాళ్లకు రెండింటి జీతం హద్దూ ఒకటే, 8 శాతం హాలిడే అలవెన్స్ కాకుండా నెలకు 5,688 యూరోలు. కాబట్టి "బ్లూ కార్డే కావాలి" అని ఆఫర్ దశలోనే మెయిల్‌లో రాయించుకోండి.

ఇక అందరూ చెప్పుకునే 30 శాతం రూలింగ్. జీతంలో 30 శాతం దాకా ట్యాక్సు లేకుండా ఇస్తారు, గరిష్ఠంగా 5 ఏళ్లు. 2024 నుంచి మొదలైనవాళ్లకు 2027లో ఇది 27 శాతానికి దిగుతుంది. 80,000 జీతమైతే 24,000 మీద ట్యాక్సు లేదు, 56,000 మీదే లెక్క. కానీ ట్యాక్సు పడే భాగం 2025 లెక్కన 46,660కి తగ్గకూడదు. అంటే 60,000 జీతానికి మిగిలే లాభం 18,000 కాదు, 13,340 మాత్రమే. 66,657 దాటితేనే పూర్తి 30 శాతం. మాస్టర్స్ ఉన్న 30 ఏళ్లలోపు వాళ్లకు ఈ హద్దు తక్కువ.

జర్మనీ నుంచి వెళ్లేవాళ్లకే పట్టే మెలిక ఒకటుంది. ఉద్యోగంలో చేరేముందు 24 నెలల్లో 16 నెలలకు పైగా డచ్ సరిహద్దుకు 150 కిలోమీటర్లకు అవతల ఉండి ఉండాలి. బెర్లిన్, మ్యూనిక్, స్టుట్‌గార్ట్ వాళ్లకు ఫర్వాలేదు. డ్యూసెల్‌డార్ఫ్, కొలోన్, బాన్, డార్ట్‌మండ్, బ్రెమెన్ వాళ్లకు రూలింగ్ రాదు. కొలోన్‌లో రెండేళ్లు ఉన్న మనిషి మ్యూనిక్ మిత్రుడి జీతం స్లిప్ చూసి లెక్కలేసుకుంటే తీరా అక్కడికెళ్లాక చేతికొచ్చేది చూసి గుండె గుభేల్‌మంటుంది. ఇంకో మెలిక సంతకం తేదీ. కాంట్రాక్టు మీద సంతకం నెదర్లాండ్స్‌కు మారకముందే జరగాలి. ముందు వెళ్లి ఇల్లు రిజిస్టర్ చేసుకుని తర్వాత సంతకం పెడితే విదేశం నుంచి తెచ్చుకున్న ఉద్యోగి కింద లెక్కగట్టరు. చేరిన 4 నెలల్లోపు అప్లై చేస్తే మొదటి రోజు నుంచీ వర్తిస్తుంది.

రూలింగ్ ఉంటే తెలంగాణ, ఆంధ్ర డ్రైవింగ్ లైసెన్సును పరీక్ష లేకుండా డచ్ లైసెన్సుగా మార్చుకోవచ్చు, ఒకే ఇంట్లో ఉండే జీవిత భాగస్వామికీ ఇది వర్తిస్తుంది. జర్మనీలో థియరీకి, ప్రాక్టికల్‌కు పోసిన డబ్బు గుర్తున్నవాళ్లకు దీని విలువ తెలుసు.

ఊళ్లో ఆస్తులున్నవాళ్లు బాక్స్ 3 (పొదుపు, ఆస్తుల మీద డచ్ ట్యాక్సు) చూసుకోవాలి. ప్రపంచంలో ఎక్కడున్న ఆస్తయినా డిక్లేర్ చేయాలి, 2025లో మనిషికి 57,684 యూరోల దాకా మినహాయింపు. హైదరాబాద్ ఫ్లాటుకో గుంటూరు స్థలానికో ఒప్పందం కింద డబుల్ ట్యాక్సు నుంచి ఉపశమనం దొరుకుతుంది. బ్యాంకు ఎఫ్‌డీలు లెక్కలోకి వస్తాయి.

ఇల్లే పెద్ద తలనొప్పి. అద్దెకు మూడు నాలుగు రెట్లు జీతం చూపించమంటారు. డిపాజిట్ రెండు నెలల అద్దెకు మించి అడగకూడదన్నది చట్టం. ఆ అడ్రసులో రిజిస్ట్రేషన్ చేసుకోనివ్వం అనే ఇల్లు ఎంత చౌకైనా వద్దు. రిజిస్ట్రేషన్ చిక్కితే బీఎస్ఎన్ (డచ్ పౌర గుర్తింపు నంబరు) చిక్కుతుంది, దాని వెంట జీతం, బ్యాంకు, ఇన్సూరెన్సు అన్నీ చిక్కుతాయి. ఇన్సూరెన్సుకు 4 నెలల గడువిచ్చినా ప్రీమియం వెనక తేదీ నుంచి లాగుతారు కాబట్టి ఆలస్యంతో మిగిలేదేమీ లేదు.

ఐర్లాండ్: ఇంగ్లిష్ సుఖం, మొదటికొచ్చే లెక్క

బ్లూ కార్డ్ వ్యవస్థలో ఐర్లాండ్ లేదు. ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల గుంపు షెంగెన్‌లోనూ లేదు. జర్మనీలో గడిపిన ఏళ్లు అక్కడ సున్నా. క్రిటికల్ స్కిల్స్ పర్మిట్ (కొరత ఉన్న నైపుణ్యాలవాళ్లకు ఇచ్చే వర్క్ పర్మిట్), ఆపైన డీ వీసా (దీర్ఘకాల వీసా), దిగాక 300 యూరోల రిజిస్ట్రేషన్. మొదటి కంపెనీలో కనీసం 9 నెలలు ఉండాలి. రెండేళ్లకు స్టాంప్ 4 (పర్మిట్ లేకుండా పనిచేసే హక్కు), 5 ఏళ్లకు పౌరసత్వం. సెలవులకు పారిస్ వెళ్లాలన్నా లండన్ వెళ్లాలన్నా మళ్లీ వీసా. 2025లో ఒంటరివాళ్లకు 44,000 దాటిన జీతం మీద 40 శాతం ట్యాక్సు, పైన యూఎస్‌సీ (ఆదాయం మీద ఇంకో పన్ను), పీఆర్ఎస్ఐ (సామాజిక బీమా). డబ్లిన్ అద్దెలు మిగిలినదాన్ని మింగేస్తాయి.

అయినా ఐర్లాండ్ వైపు మొగ్గాల్సిన ఇళ్లు ఉన్నాయి. భార్యో భర్తో హెచ్ఆర్, అకౌంట్స్, టీచింగ్ లాంటి రంగంలో ఉండి జర్మన్ రాక ఇంట్లో కూర్చుని ఉంటే, బెర్లిన్‌లోని పర్మిట్ కన్నా డబ్లిన్‌లోని స్టాంప్ 1జీ (జీవిత భాగస్వామికి ఉద్యోగ హక్కు) ఎక్కువ పని చేస్తుంది. హక్కు రెండుచోట్లా ఉంది, ఇంటర్వ్యూ దాకా వెళ్లనిచ్చేది భాష. ఊళ్లోని అద్దె ఆదాయం ఐర్లాండ్‌కు తెచ్చుకోనంతవరకు అక్కడ ట్యాక్సు పడదు, మనలాంటి నాన్-డొమిసైల్ (చట్టం లెక్కలో శాశ్వత స్వస్థలం ఐర్లాండ్ కాని) వాళ్లకు.

పిల్లల సంగతి వయసును బట్టి. నాలుగేళ్లలోపు బిడ్డ ఎక్కడైనా అల్లుకుపోతుంది. రెండో తరగతిలో జర్మన్ చదవడం, రాయడం ఇప్పుడిప్పుడే పట్టుబడిన పిల్లవాడిని డచ్ బడిలో వేస్తే ఆ ఏడాదంతా భాషకే సరిపోతుంది. జర్మనీలో చాలా రాష్ట్రాల్లో నాలుగో తరగతి అవగానే పిల్లల చదువు స్థాయిని బట్టి వేర్వేరు రకాల బళ్లకు పంపుతారు, నెదర్లాండ్స్‌లో 12 ఏళ్లకు. ఐర్లాండ్‌లో ఆ వడపోత లేదు. అక్కడ చాలా ప్రైమరీ స్కూళ్లు క్యాథలిక్ యాజమాన్యంలో ఉంటాయి. అది వద్దనుకుంటే ఏ మతానికీ చెందని ఎడ్యుకేట్ టుగెదర్ బళ్లలో సీటుకు అడ్మిషన్ గడువులోపే అప్లై చేయాలి.

లక్సెంబర్గ్‌లో జీతం ఘనం, అద్దె అంతకన్నా ఘనం, బడిలో మూడు భాషలు. స్విట్జర్లాండ్‌లో ఈయూ బయటివాళ్లకు కోటా. డెన్మార్క్ కూడా బ్లూ కార్డ్ బయటే. ఇవి ఆఫర్ చేతికొచ్చాక ఆలోచించాల్సినవే తప్ప వెతుక్కుని వెళ్లాల్సినవి కావు.

మొత్తం మీద నా మొగ్గు ఈ వరసలో: 5 ఏళ్లు నిండేదాకా జర్మనీ, ఆగలేనివాళ్లకు బ్లూ కార్డ్ మీద నెదర్లాండ్స్, ఇంట్లో రెండో ఉద్యోగం అత్యవసరమైతే ఐర్లాండ్.

జర్మనీ నుంచి బయటపడే తేదీలు

ఇల్లు ఖాళీ చేయడానికి 3 నెలల నోటీసు. అది నెలలో మూడో పని దినంలోపు యజమానికి చేరితేనే ఆ నెల లెక్కలోకి వస్తుంది. ఆగస్టు 3న చేతికందాల్సిన ఉత్తరం 8న అందిందంటే అక్టోబరు చివరికి వదిలేది నవంబరు చివరికి పోతుంది, ఒక నెల అద్దె అదనం. ఉద్యోగం కాంట్రాక్టుల్లోనూ నెలాఖరుకు ముగిసే 3 నెలల నోటీసు మామూలే, కాబట్టి కొత్త కంపెనీకి చేరే తేదీ చెప్పేముందు రెండు కాగితాలూ తీసి చూసుకోండి. అబ్‌మెల్డుంగ్ (అడ్రసు నమోదు రద్దు) వెళ్లడానికి వారం ముందు నుంచి, వెళ్లాక రెండు వారాల్లోపు. దాని కాపీతో టీవీ-రేడియో ఫీజు విడిగా ఆపించాలి, దానంతటది ఆగదు. ఇంటర్నెట్ కొత్త అడ్రసులో ఇవ్వలేమంటే నెల నోటీసుతో తెంచుకోవచ్చు. జిమ్ కాంట్రాక్టుకు ఆ సౌకర్యం ఉంటుందని అనుకోకండి. డిపాజిట్ వెనక్కి రావడానికి నెలలు పడుతుంది కాబట్టి జర్మన్ బ్యాంకు ఖాతాను అప్పటిదాకా మూయవద్దు.