సిబిల్ కోసం ప్రీపెయిడ్ కార్డా, ఎఫ్‌డీ మీద క్రెడిట్ కార్డా, గోల్డ్ లోనా: ఏది మేలు?

ప్రీపెయిడ్ కార్డు వాడితే సిబిల్ స్కోరు, అంటే మనం అప్పులు సక్కగ కడ్తమా లేదా అని చూపెట్టే నంబరు, పెరుగుతదని కొందరు చెప్తరు. ముందుగాల్నే చెప్పేస్త, ఒట్టి ప్రీపెయిడ్ కార్డుతోని ఆ స్కోరు ఒక్క పాయింటు గూడ లేవదు. నెలకు 500 లోడ్ చేసినా 50,000 లోడ్ చేసినా, హన్మకొండ చౌరస్తాల ప్రతి షాపుల గీకినా అంతే. ఎందుకంటే అండ్ల ఉన్నయి మన పైసలే, ముందు మనమే పోస్తున్నం, తర్వాత మనమే తీస్తున్నం, నడుమ మనకు ఎవ్వడూ అప్పు ఇస్తలేడు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని మన దేశంల నాలుగు క్రెడిట్ బ్యూరోలు, అంటే అప్పుల రికార్డు పెట్టే కంపెనీలు ఉన్నయి, వాటికి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు పంపేది అప్పుల లెక్క, ఎవరికి ఎంత ఇచ్చినం, తారీకుకు కట్టిండా లేదా అని. అప్పే లేనప్పుడు పంపనీకి ఏముంటది.

మరి ప్రీపెయిడ్‌తోని స్కోరు పెరుగుతదనే ముచ్చట ఎక్కడ పుట్టిందంటే రెండు దిక్కులకెల్లి వచ్చింది. ఒకటి, 2022 కు ముందు కొన్ని ఫిన్‌టెక్ కంపెనీలు (యాప్ల మీద పైసల సేవలు ఇచ్చేటియి) ప్రీపెయిడ్ కార్డు మీదనే క్రెడిట్ లైన్, అంటే ఇంత దాకా వాడుకో అని ముందే ఇచ్చే అప్పు, ఎక్కించి ఇచ్చేటియి. చూడనీకి క్రెడిట్ కార్డు లెక్కనే ఉండేది, లోపల మాత్రం ఒక ఫైనాన్స్ కంపెనీ ఇచ్చిన చిన్న లోను, ఆ లోను బ్యూరోల ఎక్కేది. 2022 జూన్ 20 న ఆర్బీఐ, బ్యాంకు కాని ప్రీపెయిడ్ కంపెనీలు గిట్ల క్రెడిట్ లైన్ల నుంచి కార్డులు, వాలెట్లు లోడ్ చేసుడు బంద్ పెట్టాలె అని చెప్పింది, గా కథ గక్కడికి ఒడిసింది. అప్పుడు వాడిన సీనియర్లు నాకైతే పెరిగింది రా అని ఇప్పటికీ చెప్తరు, వాళ్లది అబద్ధం కాదు గని ఆ కార్డు ఇప్పుడు లేదు. రెండోది బ్రిటన్ వీడియోలు. అక్కడ కొన్ని ప్రీపెయిడ్ కార్డులకు క్రెడిట్ బిల్డర్ అని ఒకటి తగిలించి, ఏడాది ఫీజును అప్పు కింద రాసి, 12 నెలల వాయిదాలు కట్టించుకొని, ఆ కట్టుడును అక్కడి బ్యూరోలకు పంపేటోళ్లు. అంటే అక్కడ గూడ పని చేసింది ఆ ఫీజు అప్పు, కార్డు ఊకె జేబుల ఉన్నది.

ప్రీపెయిడ్ దేనికి మంచిదంటే, హాస్టల్ల ఉన్న పిల్లలకు నెల ఖర్సు ఇంత అని కట్టడి చేసుటానికి, తెలియని సైట్ల మెయిన్ అకౌంటు కార్డు పెట్టకుండ ఉండుటానికి. ఫుల్ కేవైసీ లేకుంటే నెలకు 10,000 కంటే ఎక్కువ లోడ్ కాదు, కేవైసీ అయితే 2 లక్షల దాకా ఉంచుకోవచ్చు, గని అండ్ల ఎంత ఉంచినా మిత్తి పైస రాదు, రూలే అది. ఇంక ఫలానా కార్డు వాడితే స్కోరు గ్యారంటీ అని ఫీజు అడిగేటోళ్లు దొరికితే ఫోన్ పెట్టేయుండ్రి.

ఇప్పుడు ఎఫ్‌డీ (ఫిక్స్‌డ్ డిపాజిట్) మీద కార్డు. నా ఓటు దీనికే, గందుకే ఇక్కడ జర ఎక్కువ చెప్త. బ్యాంకుల 20,000 ఎఫ్‌డీ వేస్తిరి అనుకో, దాని మీద 16,000 నుంచి 18,000 దాకా లిమిట్ తోని క్రెడిట్ కార్డు ఇస్తరు, కొన్ని బ్యాంకులైతే మొత్తానికి మొత్తం ఇస్తయి. ఎఫ్‌డీకి మిత్తి నడుస్తనే ఉంటది, 6, 7 శాతం లెక్కన ఏడాదికి 1,200, 1,400 వస్తది, అదే 20,000 ప్రీపెయిడ్ల పోస్తే సున్నా. పే స్లిప్ అడగరు, ఐటీ రిటర్న్ అడగరు, పాత స్కోరు లేకున్నా ఇస్తరు. మన వరంగల్ దిక్కు గిది పెద్ద సంగతి, ఎందుకంటే ఆటో నడిపేటాయన, టైలరింగ్ చేసే అక్క, బట్టల బజార్ల గుమస్తా, వీళ్లందరు నెల నెలా సంపాదిస్తరు గని కాయితం చూపెట్టలేరు.

వాడుడు గూడ సులువే, రూపే కార్డు తీసుకుంటే యూపీఐకి లింక్ అయితది, 2022 నుంచి ఆ సౌకర్యం ఉన్నది, కిరాణం దుకాణంల క్యూఆర్ కొట్టి కట్టొచ్చు. దోస్తుకు పైసలు పంపుడు మాత్రం కుదరదు, దుకాణాల క్యూఆర్ కే. నేనైతే మనోళ్లకు చెప్పేది ఒకటే, దాని మీద కరెంటు బిల్లు, గ్యాసు, ఫోన్ రీచార్జి పెట్టుండ్రి, అంతకు మించి వద్దు, ఎట్లా కట్టే బిల్లులే కదా.

లిమిట్ చిన్నది కాబట్టి ఒక చిక్కు ఉన్నది. 18,000 లిమిట్ల 15,000 ఫోన్ కొంటే స్టేట్‌మెంట్ల 80 శాతం పైన వాడినట్టు పడ్తది, అది చూసి స్కోరు కిందికి గుంజుతది, మీరు తారీకుకు మొత్తం కట్టినా సరే. మూడో వంతు లోపల, అంటే ఐదారు వేలల్ల ఉంచుకోవాలె, ఎప్పుడన్న ఎక్కువ వాడాల్సొస్తే స్టేట్‌మెంట్ తయారు కాకముందే కొంత కట్టేయాలె. ఇంకోటి మినిమమ్ డ్యూ, అంటే ఆ నెల తక్కువల తక్కువ కట్టాల్సింది. యాప్ల పెద్ద అక్షరాలల్ల 500 కడితే చాలు అన్నట్టు కనపడ్తది, అది కడితే లేటు ఫీజు పడదు గని మిగిలిన దానికి నెలకు మూడు, మూడున్నర శాతం మిత్తి, ఏడాదికి 40 దరిదాపుల, మీద జీఎస్టీ. ఎఫ్‌డీల వచ్చే ఆరేడు శాతం దీని ముందు ఏ మూలకు.

చానామంది ఎఫ్‌డీ బ్యాంకు కాడనే ఉన్నది కదా, కట్టకుంటే దాంట్లకెల్లి పట్టుకుంటరు పో అనుకుంటరు. పట్టుకుంటరు నిజమే, గని అప్పటిదాకా లేటైన లెక్క అంత బ్యూరోకు పోతనే ఉంటది, పైసలు పోతయి, పేరూ పోతది. డ్యూ డేట్ దాటి మూడు రోజుల దాకా లేటు కింద రాయొద్దని ఆర్బీఐ రూలు ఉన్నది, దాని మీద ఆశ పెట్టుకొని ఉండకుండ్రి, ఆటో పే పెట్టుకోండ్రి. ఆరు నెలలు ఇట్ల నడిస్తే స్కోరు కనపడుడు మొదలైతది, స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటది. 2025 జనవరి నుంచి 15 రోజులకొకసారి లెక్కలు పంపాలె అని పెట్టిండ్రు కాబట్టి మునుపటంత ఆలస్యం గూడ లేదు.

గోల్డ్ లోన్ సంగతి వేరే. పైసలు నిజంగ అవసరం ఉంటే, బ్యాంకుల గని ఫైనాన్స్ కంపెనీల గని బంగారం కుదువ పెడితే ఆ లోను బ్యూరోల ఎక్కుతది, మంచిగ విడిపించుకుంటే మంచి పేరే. గల్లీల తాకట్టు దుకాణంల పెడితే ఎక్కదు. ఒట్టిగ స్కోరు కోసమైతే మాత్రం పుస్తెలతాడు పెట్టి మిత్తి కట్టుడు ఏం తెలివి చెప్పుండ్రి? అందులో చానా గోల్డ్ లోన్లు ఏడాది చివర ఒక్కసారే కట్టేటియి, నెల నెలా తారీకుకు కట్టినట్టు రికార్డు కూడ తయారు కాదు.

ఫోన్ ఈఎంఐ, ఫ్రిజ్ ఈఎంఐ కూడ లోన్లే, ఎక్కుతయి. ఎట్లైనా కొనేది ఉంటే తీసుకోండ్రి, అకౌంటుల పైసలు లేక వాయిదా బౌన్స్ అయితే బ్యాంకు చార్జి ఒక దిక్కు, కంపెనీ చార్జి ఒక దిక్కు, రిపోర్టుల మచ్చ ఒక దిక్కు. పే లేటర్ యాపులైతే, అంటే ఇప్పుడు కొని తర్వాత కట్టేటియి, నాకు అస్సలు పడవు, 300 రూపాయల బిర్యానీ బాకీ మర్చిపోయి హోమ్ లోన్ అప్పుడు తిప్పలు పడుడు ఎందుకు.

చిట్టీలు గురించి గూడ అడుగుతరు, వరంగల్‌ల చిట్టి లేని ఇల్లు ఏది మరి. ఇరవై నెలలు ఒక్క తారీకు తప్పకుండ కట్టినా సిబిల్‌ల అక్షరం రాదు. ఏనుమాముల మార్కెట్ల అడ్తి కాడ తెచ్చిన పెట్టుబడి, కిరాణంల ఉద్దెర, ఇవి గూడ అంతే, ఎంత నియ్యతిగ కట్టినా ఆ కంపెనీల కంటికి ఆనవు. నాకు దీని మీద కోపమే ఉన్నది గని ఇప్పటికైతే పద్ధతి గిట్లున్నది.

దీనికి ఉల్టా, ఊర్ల పట్టాదారు పాస్‌బుక్ మీద పంట లోన్ తీసుకున్నోళ్లకు, మైక్రోఫైనాన్స్ గ్రూపుల తీసుకున్న ఆడోళ్లకు రికార్డు ముందుగాల్నే ఉంటది, వాళ్లకు తెల్వదు అంతే. మాఫీ వస్తదని రెన్యువల్ చెయ్యకుండ ఊకుంటే అది ఓవర్‌డ్యూ పడి కూసుంటది, ఆ తర్వాత బాకీ మాఫీ అయినా పాత లేటు మరక కొన్నేండ్లు రిపోర్టుల కనపడ్తది. గందుకే ఏ కార్డు తీసుకునే ముందైనా రిపోర్టు తీయుండ్రి, నాలుగు కంపెనీలు ఏడాదికి ఒక్కొక్కటి ఫ్రీగ ఇయ్యాలె, మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. తప్పు ఉంటే కంప్లయింట్ పెట్టుండ్రి, 30 రోజులల్ల సరి చెయ్యకుంటే రోజుకు 100 రూపాయలు మనకే ఇయ్యాలె. రికార్డే లేదని మొదటి లోన్ అప్లికేషన్ కొట్టేయొద్దని గూడ ఆర్బీఐ బ్యాంకులకు చెప్పి ఉన్నది, కౌంటర్ల ఎవరన్న గట్ల అంటే ఈ ముచ్చట ఎత్తుండ్రి.

అయితే కొత్తగ నౌకరి ఎక్కినోళ్లకు, పే స్లిప్ లేనోళ్లకు ఎఫ్‌డీ కార్డు ఒక్కటి చాలు, రెండు మూడు చోట్ల ఒక్కసారే అప్లై చెయ్యకుండ్రి, అప్లై చేసినప్పుడల్ల బ్యాంకు మన రిపోర్టు తీసి చూస్తది, అట్ల ప్రతి ఎంక్వైరీ రిపోర్టుల పడ్తది. చేతిల 20,000 ఆపే పరిస్థితి లేకుంటే తొందర పడకుండ్రి, కొన్ని బ్యాంకులు ఇంకా తక్కువ ఎఫ్‌డీ మీద గూడ ఇస్తయి, అడిగి చూడుండ్రి. పంట లోన్ నడుస్తున్న రైతుకు కొత్త కార్డు అక్కరే లేదు, ఆ లోను టైముకు రెన్యువల్ చేసుకుంటే సరిపోతది.

అమెరికా పోయే పిల్లలకు ఒక మాట. మీరు పట్టుకపోయే ఫోరెక్స్ కార్డు ప్రీపెయిడే, దాంతోని అక్కడ స్కోరు రాదు, ఇక్కడి సిబిల్ గూడ మామూలుగ అక్కడ లెక్కల్కి రాదు, అక్కడ మళ్ల మొదట్నుంచే. దిగినంక అకౌంటు తెరిచిన బ్యాంకులనే సెక్యూర్డ్ కార్డు అడగుండ్రి, మన ఎఫ్‌డీ కార్డు అసోంటిదే, చానా చోట్ల 200 డాలర్ల డిపాజిట్ తోని మొదలైతది, ఎస్ఎస్ఎన్ (అక్కడి సోషల్ సెక్యూరిటీ నంబరు) లేకున్నా పాస్‌పోర్టు మీద ఇచ్చే బ్యాంకులు గూడ ఉన్నయి.