అద్దె వదిలినందుకు ల్యాండ్ ట్యాక్స్ తగ్గింపు: విక్టోరియా స్కీముకు నా మార్కులు 5కి 3

ముందు లెక్క చెప్పేస్తాను. కరోనా వచ్చిన 2020లో, మా షాపులో అద్దెకున్న వ్యాపారికి 8,000 డాలర్ల అద్దె వదిలేశాం. దానికి బదులు ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్ర ప్రభుత్వం మా ల్యాండ్ ట్యాక్స్‌లో (భూమి విలువ మీద ఏటా కట్టే పన్నులో) తగ్గించింది 307 డాలర్ల 50 సెంట్లు. ఇంతే చూస్తే 5కి 1 చాలు. అయినా 3 ఇస్తున్నాను. ఆ మూడు మార్కులూ డబ్బు కోసం వేసినవి కావు.

మాది మెల్‌బోర్న్ పడమటి వైపు, వెర్రిబీలో పాత షాపుల వరుసలో ఒక చిన్న షాపు. మా ఆయనా నేనూ చేరి లోన్ మీద కొన్నాం. అద్దె నెలకు 3,200. అందులో ఖమ్మం వైపు అబ్బాయి టిఫిన్ సెంటర్ నడుపుతాడు. శని, ఆదివారాల్లో ట్రుగనీనా, టార్నీట్ నుంచి కుటుంబాలతో వచ్చి పెసరట్టు ఉప్మా తినేవాళ్లే అతనికి ఆధారం. 2020 మార్చి 23న కూర్చుని తినడం బంద్ అయింది. జూన్ మొదట్లో కాస్త తెరిచారు, జులై రెండో వారానికి మళ్లీ మూసేశారు. ఆగస్టులో రాత్రి కర్ఫ్యూ పెట్టి, ఇంటి నుంచి 5 కిలోమీటర్లు దాటొద్దన్నారు. పార్సిల్‌కు వచ్చే దూరపు వాళ్లూ ఆగిపోయారు. అక్టోబరు 28 దాకా కూర్చుని తినడం మళ్లీ మొదలవలేదు. పెసరట్టు అరగంట డబ్బాలో ఉంటే ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా, పార్సిల్ బేరం కూడా అంతంత మాత్రమే.

ఏప్రిల్‌లో అతను ఫోన్ చేసి, "అక్కా, అద్దె సంగతి ఎలా అడగాలో తెలీట్లేదు" అన్నాడు. నాకూ ఏం చెప్పాలో తెలియదు. ఇక్కడే ఈ స్కీముకు నేను మొదటి మార్కు వేస్తాను. అద్దె తగ్గింపు అనేది అతను నన్ను బతిమాలే విషయం, నేను దయ చూపించే విషయం కాకుండా పోయింది. ఆ నెలలోనే నేషనల్ క్యాబినెట్ (ప్రధానీ, రాష్ట్రాల అధినేతలూ కలిసిన బృందం) వ్యాపార అద్దెలకు ఒక కోడ్, అంటే నియమావళి, తెచ్చింది. టర్నోవర్ 5 కోట్ల డాలర్ల లోపు ఉండి, జాబ్‌కీపర్‌కు (కరోనాలో జీతాల కోసం కేంద్రం ఇచ్చిన సాయానికి) అర్హత ఉన్న వ్యాపారానికి అమ్మకాలు ఎంత శాతం పడితే అద్దె అంత శాతం తగ్గించాలన్నారు. ఆ తగ్గింపులో కనీసం సగం పూర్తిగా వదిలేయాలి, మిగతాది తర్వాత కనీసం 24 నెలల్లో కొంచెం కొంచెంగా తీసుకోవచ్చు. విక్టోరియాలో దీన్ని చట్టబద్ధం చేశారు. అద్దెదారు కాగితం మీద అడిగితే యజమాని 14 రోజుల్లో తన ఆఫర్ చెప్పాల్సి ఉండేది. తెగకపోతే స్మాల్ బిజినెస్ కమిషన్‌లో ఉచితంగా మధ్యవర్తిత్వం ఉండేది. మాకు అంతదాకా పోవాల్సిన పని పడలేదు.

జాబ్‌కీపర్ దగ్గర మాత్రం ఒక చిక్కు కనిపించింది. అతని దగ్గర దోసెలు పోసేవాళ్లంతా స్టూడెంట్ వీసా పిల్లలు, వాళ్లకు జాబ్‌కీపర్ రాలేదు. అయితే ఓనరుగా అతను సిటిజన్, తన పేరు మీద ఒక్కరికి వచ్చింది. ఆ ఒక్క అర్హతే అద్దె తగ్గింపుకూ, మా ట్యాక్స్ తగ్గింపుకూ తాళంచెవి అయింది. నేను పేరోల్‌లో పనిచేస్తాను కాబట్టి ఇలాంటివి చదవడం అలవాటే. అలవాటు లేనివాళ్లు ఈ రూల్ చూడగానే "మనకు వర్తించదులే" అని వదిలేసుకునే ప్రమాదం ఉండేది.

మొదటి నాలుగు నెలలు అతని అమ్మకాలు దాదాపు సగానికి పడ్డాయి. నెలకు 1,600 తగ్గించి, 800 మాఫీ, 800 వాయిదా అని రాసుకున్నాం. ఆగస్టు నుంచి మూడు నెలలు వాయిదా గోల లేకుండా 1,600 పూర్తిగా వదిలేశాం. ఎందుకంటే ల్యాండ్ ట్యాక్స్ తగ్గింపు మొదట 25 శాతమే ఉండేది. కనీసం మూడు నెలలు సగం అద్దె పూర్తిగా మాఫీ చేసేవాళ్లకు దాన్ని 50 శాతం చేశారు. నిజం చెప్పాలంటే మేం వదిలింది ఆ 50 శాతం ఆశతో కాదు, వాయిదాలు పోగుపడితే అతను ఎప్పటికీ తేరుకోలేడని.

ఇప్పుడు అసలు లోపం. ఈ తగ్గింపు మీరు వదిలిన అద్దెను బట్టి రాలేదు, మీ భూమి విలువను బట్టి వచ్చింది. మా షాపు కింది స్థలం విలువ 4,20,000 డాలర్లుగా కట్టారు. అప్పటి రేట్ల ప్రకారం 2,50,000 దాకా ట్యాక్స్ లేదు. అది దాటితే 275 డాలర్లు, పైన ఉన్న విలువ మీద 0.2 శాతం. మొత్తం 615. అందులో సగమే మాకొచ్చిన 307.50. వదిలిన ప్రతి వంద డాలర్లకు నాలుగు డాలర్లు కూడా కాదు. అదే 50 లక్షల డాలర్ల భూమి ఉన్నవాళ్లయితే పై స్లాబు 2.25 శాతం, ట్యాక్స్ 70,000 దగ్గరికి పోతుంది, సగం అంటే 35,000. మాకంటే స్థలం విలువ 12 రెట్లు, తగ్గింపు మాత్రం 110 రెట్ల పైన. అటు 2,50,000 లోపు స్థలం ఉన్న చిన్న యజమాని అద్దె మొత్తం వదిలేసినా అతనికి వచ్చేది సున్నా. కట్టని పన్నులో ఏం తగ్గిస్తారు? ఎవరికి ఎక్కువ సాయం కావాలో వాళ్లకు తక్కువ, ఎవరు తట్టుకోగలరో వాళ్లకు ఎక్కువ. ఇది ఎవరో కావాలని చేశారని అనను. చేతిలో ల్యాండ్ ట్యాక్స్ ఉంది కాబట్టి దాన్నే వాడారు, ఆదాయపు పన్ను రాష్ట్రం చేతిలో లేదు మరి.

ఆదాయపు పన్ను వైపు ప్రత్యేక తాయిలం ఏమీ లేదు. కానీ చేతికి రాని అద్దెను ఆదాయంగా చూపించక్కర్లేదనీ, లోన్ వడ్డీ, కౌన్సిల్ రేట్లు (స్థానిక ఆస్తి పన్ను), ఇన్సూరెన్స్ ఎప్పటిలాగే ఖర్చు కింద రాసుకోవచ్చనీ ముందే స్పష్టంగా చెప్పారు. అప్పటి 32.5 శాతం స్లాబులో ఉన్నవాళ్లకు 8,000 మీద 2,600 పన్ను అలా తగ్గింది. రాని డబ్బుకు పన్ను లేకపోవడాన్ని సాయం అనలేం గానీ, ఆ ముక్క ముందే తెలియడం వల్ల టెన్షన్ తగ్గింది. రెండో మార్కు ఈ స్పష్టతకు. బ్యాంకులు లోన్ కంతులు ఆరు నెలలు వాయిదా వేసుకోనిచ్చాయి, వడ్డీ మాత్రం అసలులో కలుస్తూనే పోయింది. చిన్న యజమానులకు ఒక్కో అద్దె ఒప్పందానికి 3,000 డాలర్ల దాకా ఇచ్చే హార్డ్‌షిప్ ఫండ్ కూడా వచ్చింది. మా ఇంట్లో రెండు జీతాలూ ఆగలేదు కాబట్టి మేం దాని జోలికి పోలేదు.

అప్లికేషన్ సంగతి: ఆన్‌లైనే, పెద్ద కష్టం లేదు. మూడో మార్కు అందుకు. ట్యాక్స్ ముందే కట్టేసినవాళ్లకు తగ్గించిన మొత్తం వెనక్కి ఇచ్చారు. అద్దె మార్పును ఈమెయిల్ మాటల్లో కాకుండా ఒక పేజీ ఒప్పందంగా రాసి, ఇద్దరూ సంతకం పెట్టండి. మాఫీ ఎంత, వాయిదా ఎంత అన్నది విడివిడిగా, నెలవారీగా ఉండాలి. "తర్వాత చూసుకుందాం" అని రాస్తే అది మాఫీ కాదు. ఇంకో మాట, రిటైల్ లీజు అయితే విక్టోరియాలో ల్యాండ్ ట్యాక్స్‌ను అద్దెదారు మీద వేయకూడదు, తగ్గింపూ భారమూ రెండూ మనవే. గోడౌన్ లాంటి వేరే లీజుల్లో ల్యాండ్ ట్యాక్స్ అద్దెదారే కడుతుంటే, ఆ తగ్గింపు అతనికే చేరాలని కోడ్ చెప్పింది. దాన్ని మీ జేబులో వేసుకోకండి.

ఇంతకంటే బాగా చేసినవాళ్లు ఉన్నారు. దక్షిణ కొరియాలో 2020 ఫిబ్రవరిలో జొంజు నగరంలోని హానోక్ (సంప్రదాయ ఇళ్ల) గ్రామంలో కొందరు భవన యజమానులు వాళ్లంతట వాళ్లే అద్దెలు తగ్గించారు. "మంచి యజమాని" అన్న పేరు దేశమంతా పాకింది. వెంటనే ప్రభుత్వం చిన్న వ్యాపారికి తగ్గించిన అద్దెలో 50 శాతం యజమాని ఆదాయపు పన్నులోంచి కొట్టేసింది, 2021లో దాన్ని 70 శాతం దాకా పెంచింది. ఆ లెక్కన 2020లో నాకు 4,000 వచ్చేది. ఫ్రాన్స్ కూడా 2020 నవంబరు ఒక్క నెల అద్దె వదిలినవాళ్లకు వదిలిన దాంట్లో సగాన్ని పన్ను క్రెడిట్‌గా, అంటే కట్టాల్సిన పన్నులోంచి నేరుగా తగ్గింపుగా, ఇచ్చింది. మలేషియా కనీసం 30 శాతం తగ్గించాలని షరతు పెట్టి, తగ్గించినంత మొత్తాన్ని అదనపు ఖర్చుగా చూపించుకోనిచ్చింది. మూడు చోట్లా కొలత ఒకటే: ఎంత వదిలావు? ఎంత భూమి ఉందన్నది కాదు.

ఈ లెక్కలన్నీ తెనాలిలో మా అన్నయ్యకు ఫోన్లో చెబితే నవ్వాడు. అక్కడ బట్టల షాపుకిచ్చిన గది అద్దె లాక్‌డౌన్ నెలలకు తనూ వదిలేశాడు. వాళ్ల ఆడిటర్ ఇండియా ఆదాయపు పన్ను రూల్స్‌లో రాని అద్దెకు సంబంధించిన రూల్ 4 చదివి వినిపించాడట. ఆ అద్దెను ఆదాయంలోంచి తీసేయాలంటే అద్దెదారు ఖాళీ చేసి ఉండాలి, లేదా ఖాళీ చేయించడానికి చర్యలు మొదలై ఉండాలి. వసూలుకు కోర్టుకు వెళ్లి ఉండాలి, లేదా వెళ్లినా లాభం లేదని అధికారిని ఒప్పించాలి. "అంటే గెంటేసినవాడికి ఉంది గానీ, ఉండనిచ్చినవాడికి లేదన్నమాట, చెల్లాయ్" అన్నాడు. దాని పక్కన పెడితే మా 307 డాలర్లు కాస్త మర్యాదగానే కనిపించాయి.

2021 జులై 28 నుంచి విక్టోరియా ఇదే పద్ధతిని మళ్లీ తెచ్చింది, ల్యాండ్ ట్యాక్స్‌లో 25 శాతం దాకా తగ్గింపుతో. కొలత అప్పుడూ మారలేదు, భూమి విలువే. మాకది 150 డాలర్ల లెక్క. దానికి 5కి 2 ఇస్తాను. మీ స్థలం విలువ పెద్దదైతే ఇలాంటిది వచ్చినప్పుడు ఆలస్యం చేయకుండా అప్లై చేయండి. మాలాంటి చిన్న షాపు అయితే ట్యాక్స్ తగ్గింపును లెక్కలోకి తీసుకోకుండా, ఆ షాపు ఖాళీ అయితే ఎన్ని నెలల అద్దె పోతుందో చూసుకుని ఎంత వదలాలో తేల్చుకోండి.