ఒంగోలులో నాలుగు శనివారాల బైబిల్ క్లాసు

తమ్ముడు చర్చికి రావడం మానేసి మూడేళ్లయింది. "వాణ్ణి దేవుడు ఏర్పరచుకోలేదేమోరా" అని అమ్మ ఏడుస్తుంటే, ఏం చెప్పాలో తెలియక ఈ క్లాసులో చేరాను. ఫీజు లేదు. నోట్సుకు 50 రూపాయలు.

మొదటి మూడు వారాలూ ఏర్పాటు (రక్షణ కోసం దేవుడే మనుషుల్ని ముందుగా ఎంచుకోవడం), స్వేచ్ఛాచిత్తం (మనిషి తన ఇష్టంతో నిర్ణయించుకోవడం) గురించే. పాస్టర్‌గారు ఎవరి పక్షమూ తీసుకోలేదు. దేవుని కృపను మనిషి కాదనగలడన్న డచ్ వేదాంతి ఆర్మీనియస్ అనుచరులు 1610లో ఐదు అంశాలు రాశారని, 1618-19లో నెదర్లాండ్స్‌లో జరిగిన డోర్ట్ సంఘ సభ వాటిని తోసిపుచ్చిందని బోర్డు మీద రాసి చెప్పారు. దేవుని కృపను మనిషి కాదనగలడా, లేడా? అసలు ముడి అక్కడుందట. దేవుడు మనల్ని ముందే ఏర్పరచుకున్నాడన్న ఎఫెసీ ఒకటో అధ్యాయం చదివించి, వెంటనే అందరూ రక్షణ పొందాలని దేవుడు కోరుతున్నాడన్న మొదటి తిమోతి రెండో అధ్యాయం తీయించారు.

1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు కదా, వాళ్లు నీళ్లలోకి దిగింది సొంత నిర్ణయంతోనా, దేవుడి పిలుపుతోనా అని అడిగారు. హాల్లో ఎవరూ మాట్లాడలేదు. మా తాతల ఊరు ఆ ఏటి పక్కనే.

పరిశుద్ధీకరణను (విశ్వాసి పవిత్రతలో ఎదగడాన్ని) మాత్రం చివరి వారం నలభై నిమిషాల్లో ముగించేశారు. నీతిమంతులుగా తీర్చబడడం, అంటే దేవుడు మనల్ని క్షమించి నీతిమంతులుగా ఎంచడం, ఒక్కసారి జరిగేది, పరిశుద్ధత జీవితమంతా సాగేది అని చెప్పి ఆగిపోయారు. మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ చెప్పిన సంపూర్ణ పరిశుద్ధత (ఈ జీవితంలోనే మనసంతా దేవుని ప్రేమతో నిండడం) గురించి అడిగితే టైమ్ లేదన్నారు. నాకు బాధేసింది. దానికే రెండు వారాలు కావాలి.

ఎవరు ఏర్పరచబడ్డారో మనకు తెలియదు కాబట్టి ఎవరి కోసమూ ప్రార్థన ఆపకూడదన్నారు పాస్టర్‌గారు. ఆ మాట ఇంటికెళ్లి అమ్మకు చెప్పాను. వచ్చే బ్యాచ్‌లో ఆమె పేరు రాయించాను.