దూర ప్రయోగశాల: పరికరానికి నాలుగున్నర నక్షత్రాలు, వంతుల పట్టికకు రెండు

ముందే తీర్పు చెప్పేస్తాను. ఇంటర్నెట్ ద్వారా నడిపే ప్రయోగశాలకు చందా కట్టాలనుకునే కాలేజీలు అక్కడి పరికరాల ఫొటోలు చూసి మురిసిపోవద్దు. ముందు బుకింగ్ పట్టిక తెరిచి చూడండి. నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మా విభాగం ఒక యూరప్ సంస్థకు చందా కట్టి సెమిస్టర్ పొడవునా ఈ సేవ వాడింది. సంస్థ పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పే మంచీ చెడూ ఇలాంటి సేవ ఏది కొనేముందైనా చూసుకోవలసినవే.

ఇది బొమ్మ ప్రయోగం కాదు. మన దేశంలో కంప్యూటర్లు, ఇంటర్నెట్ ద్వారా చదువు అందించడానికి 2009లో మొదలైన జాతీయ మిషన్ కింద ఐఐటీలు, మరికొన్ని సంస్థలు కలిసి పెట్టిన ‘వర్చువల్ ల్యాబ్స్’లో ఎక్కువ భాగం కంప్యూటర్ అనుకరణలు. అవి ఉచితం, ఎంతమందైనా ఒకేసారి వాడుకోవచ్చు. వాటితో నాకు పేచీ లేదు. దూర ప్రయోగశాల సంగతి వేరు. ఎక్కడో ఒక గదిలో నిజమైన యంత్రం ఉంటుంది. ఇక్కడ మనం మౌస్ నొక్కితే అక్కడ మోటారు కదులుతుంది, కెమెరాలో కనబడుతుంది. యంత్రం ఒకటే, దాన్ని ఒక సమయంలో ఒకరే నడపగలరు. తగవు అక్కడే మొదలవుతుంది.

మేము చందా కట్టింది ప్రధానంగా రేడియోధార్మికత ప్రయోగం కోసం. మా ల్యాబ్‌లో రేడియోధార్మిక మూలం, అంటే రేడియేషన్ వెలువరించే పదార్థపు నమూనా లేదు. తెచ్చి ఉంచుకోవాలంటే అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనలు పాటించాలి, బీరువా తాళం నుంచి లెక్కల పుస్తకం దాకా అన్నిటికీ ఒక మనిషి బాధ్యత వహించాలి. మాకున్నది ఒక్క అటెండరు, ఆయనకు కెమిస్ట్రీ ల్యాబ్ కూడా అదనం. ఇక మా పిల్లలకు ఈ పాఠం మీద ఆసక్తి పుస్తకం వల్ల పుట్టింది కాదు. రణస్థలం మండలం కొవ్వాడలో ఒక్కొక్కటి 1208 మెగావాట్ల అణు రియాక్టర్లు ఆరు పెట్టాలన్న ప్రతిపాదన ఉంది. ఆ వైపు ఊళ్ల నుంచి వచ్చే పిల్లలు రేడియేషన్ అనే మాటను ఇంట్లో విని, ఆ తరవాత క్లాసులో వింటారు. గోడ మీద బొమ్మ చూపించి వాళ్లకు సమాధానం చెప్పడం నాకు ఇష్టం లేదు.

పరికరం విషయంలో వంక పెట్టడానికి పెద్దగా లేదు. స్ట్రాన్షియం-90 మూలం, ఎదురుగా దాన్నుంచి వచ్చే కణాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టే గైగర్ కౌంటర్, దూరం మార్చడానికి మోటారు. దూరం రెట్టింపు చేస్తే లెక్క నాలుగో వంతుకు పడాలి. అనుకరణల్లో చాలావరకు అది ముత్యంలా పడిపోతుంది. ఇక్కడ పడదు! కౌంట్ రేటు (సెకనుకు వచ్చే లెక్కలు) వర్గమూలాన్ని తలకిందులు చేసి దూరంతో గ్రాఫ్ గీస్తే సరళరేఖే వస్తుంది, కానీ మూలబిందువు గుండా పోదు. కౌంటర్ లెక్కపెట్టే చోటు దాని కిటికీ దగ్గర కాకుండా కొంచెం లోపల ఉండటమే కారణం. ఆ కొంచెం ఎంతో గ్రాఫే చెబుతుంది. దాన్ని పిల్లలు తమంతట తాము పట్టుకున్న రోజున నేను పాఠం ఆపేసి కుర్చీలో కూర్చున్నాను. నాలుగున్నర నక్షత్రాలు దానికే. మిగతా అర ఎందుకు తగ్గించానంటే కెమెరా బొమ్మ నాలుగైదు సెకన్లు ఆలస్యంగా వస్తుంది, స్కేలు మీద అంకెలు మసకగా ఉంటాయి.

ఇక వంతుల సంగతి. ఒక్కో స్లాటు పదిహేను నిమిషాలు. ఇది ఎవరు నిర్ణయించారో గానీ రేడియోధార్మికత లెక్క తెలిసినవారు మాత్రం కాదు. ఈ ప్రయోగంలో కచ్చితత్వం కాలంతో కొనుక్కునేది. నూరు లెక్కలు వస్తే అటూ ఇటూ పది తేడా, అంటే పది శాతం. తేడాను ఒక శాతానికి తేవాలంటే పదివేల లెక్కలు కావాలి. తప్పును సగం చేయాలంటే నాలుగు రెట్ల సమయం పెట్టాలి. అయిదు దూరాలు, ఒక్కో దూరంలో మూడు సార్లు, సారికి ఒక నిమిషం అనుకుంటే అక్కడికే పదిహేను నిమిషాలు అయిపోయాయి. మోటారు కదలడానికి, పేజీ తెరుచుకోవడానికి, ‘మేడమ్, ఇదేనా నొక్కాల్సింది’ అని అడగడానికి సమయం ఎక్కడిది? దాంతో పిల్లలు దూరంలో తీసే కొలతలను ముప్పై సెకన్లకు కుదించారు. ఎక్కువసేపు కావలసింది సరిగ్గా అక్కడే, ఎందుకంటే అక్కడ లెక్కలు తక్కువ. మంచి యంత్రంతో చెడ్డ అంకెలు తేవడానికి ఇంతకంటే సులువైన దారి ఉండదు.

రెండోది, బుకింగ్ మనిషి పేరు మీదే జరుగుతుంది. మన దగ్గర ప్రాక్టికల్స్ బ్యాచ్‌గా చేయిస్తామన్న ఊహే వాళ్లకు ఉన్నట్టు లేదు. లెక్చరర్ ఖాతా నుంచి తరగతి మొత్తానికి స్లాట్లు పంచే వీలు లేదు. ఫలితం ఊహించుకోవచ్చు. శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు పడేసి సీటు ఆపినట్టు, చురుకైన పిల్లలు నలుగురు వారం స్లాట్లన్నీ తమ పేరు మీద పెట్టేసుకున్నారు. పరీక్ష దగ్గర పడ్డాక అడిగితే సగం వాడలేదు. వాడకపోయినా స్లాటు ఖాళీ అయినట్టు పట్టికలో కనబడదు. అయిదు నిమిషాల్లో లాగిన్ కాకపోతే తరవాతివారికి ఇచ్చేయడం ఎంత పని? బస్సు దొరక్క ఆలస్యంగా వచ్చిన ఒక అమ్మాయి నా దగ్గరకొచ్చి, “పట్టిక నిండుగా ఉంది మేడమ్, కెమెరాలో చూస్తే యంత్రం ఊరికే ఉంది” అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

మూడోది గడియారం. పట్టిక వాళ్ల దేశపు వేళల్లోనే కనబడుతుంది. మనకూ మధ్య యూరప్‌కూ చలికాలంలో నాలుగున్నర గంటల తేడా. మార్చి చివరి ఆదివారం వాళ్లు గడియారాలు ఒక గంట ముందుకు జరుపుకోగానే అది మూడున్నర అవుతుంది, అక్టోబరు చివరి ఆదివారం దాకా అలాగే ఉంటుంది. మన ప్రాక్టికల్ పరీక్షలు ఈ మార్పుకు అటూ ఇటూ పడితే ఒక బ్యాచ్ ఖాళీ తెరను చూస్తూ కూర్చోవాలి. ఫోనులో అలారం యాప్ చేసే పని ఒక ప్రయోగశాల చేయలేకపోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఇవన్నీ తీరని సమస్యలేమీ కావు. అమెరికాలో ఎంఐటీ ఆచార్యుడు హెసూస్ దెల్ ఆలమో 1998లోనే ట్రాన్సిస్టర్ కొలతలను ఇంటర్నెట్‌కు ఎక్కించారు. అక్కడ స్లాట్ల గొడవ ఉండేది కాదు. విద్యార్థి తన కొలతల జాబితా పంపేవాడు, అది వరసలో చేరేది, యంత్రం తన వీలు కొద్దీ చేసి ఫలితం తిప్పి పంపేది. ఆ తరవాత ఎంఐటీలోనే వచ్చిన ఐల్యాబ్ అనే దూర ప్రయోగశాలల ఏర్పాటులో ప్రయోగాలను విడదీశారు. జాబితా ఇచ్చేసి పోయేవాటికి వరస, దగ్గర కూర్చుని నడిపేవాటికి బుకింగ్. స్వీడన్‌లో బ్లెకింగే సాంకేతిక సంస్థవారి విజిర్ అనే దూర ప్రయోగశాల ఇంకో అడుగు ముందుకు వేసింది. తెర మీద అందరూ తమ తమ సర్క్యూట్లు కలుపుకుంటారు. కొలత నొక్కినప్పుడు మాత్రమే రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్‌లు) అసలు రెసిస్టర్లను కలిపి, క్షణంలో కొలిచి వదిలేస్తాయి. ఉన్నది ఒకే పరికరం, అయినా తరగతి మొత్తం ఒకేసారి కూర్చోవచ్చు.

మా గైగర్ కౌంటర్‌కు మొదటి పద్ధతి అచ్చంగా సరిపోతుంది. మేము ఇచ్చేది దూరాల జాబితా, ఒక్కో దూరానికి ఎన్ని సెకన్లు అన్న అంకె, అంతే కదా. రాత్రంతా యంత్రం ఆ పని చేసుకుంటే తెల్లారేసరికి పదివేల లెక్కలు చేతికి వస్తాయి. మొదటిసారి మాత్రం మోటారు కదలడం, అంకె ఎగరడం పిల్లలు కళ్లతో చూడాలి. దానికి పదిహేను నిమిషాలు చాలు. ఇదే రాసి పంపితే సహాయ విభాగం నుంచి మర్యాదగా, త్వరగానే జవాబు వచ్చింది. పరిశీలిస్తామన్నారు.

ఒక పరిమితికి మాత్రం వాళ్లను తప్పు పట్టను. మా భావనపాడు, కళింగపట్నం తీరపు ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉందనీ అందులో రేడియోధార్మిక మూలకమైన థోరియం ఉంటుందనీ చెప్పినప్పుడు ఒక కుర్రాడు లేచి, “మన ఇసుకను ఆ కౌంటర్ ముందు పెట్టలేమా మేడమ్?” అన్నాడు. పెట్టలేం. వాళ్లు అమర్చిన మూలాన్నే కొలవాలి. ఆ ప్రశ్న కోసమైనా ఒక చిన్న కౌంటర్ కొనమని విడిగా అర్జీ పెట్టాను.

ఒకరిద్దరు పరిశోధక విద్యార్థులున్న విభాగాలు ఈ సేవను నిస్సంకోచంగా తీసుకోవచ్చు, వాళ్లకు స్లాట్లు ఎప్పుడూ దొరుకుతాయి. డిగ్రీ తరగతికి అయితే డబ్బు కట్టకముందే బ్యాచ్ బుకింగ్ ఉందా, రాని వారి స్లాటు విడుదలవుతుందా, పట్టిక మన వేళల్లో కనబడుతుందా అని రాతపూర్వకంగా అడగండి. చందా పొడిగింపు కాగితం ఇప్పుడు మా ప్రిన్సిపల్ గారి బల్ల మీద ఉంది. బ్యాచ్ బుకింగ్ ఇస్తే ఏడాదికి, ఇవ్వకపోతే రేడియోధార్మికత యూనిట్ నడిచే రెండు నెలలకే అని దాని మీద రాసి పెట్టాను.