శంషాబాద్ నుంచి డాలస్‌కి: దుబాయ్ దారా, లండన్ దారా?

హైదరాబాద్ నుంచి డాలస్ ఫోర్ట్‌వర్త్‌కి గ్లోబు మీద దారం పట్టి చూస్తే దాదాపు 14,400 కిలోమీటర్లు. ఆ దారం ఉత్తర ధ్రువానికి ఐదారు వందల కిలోమీటర్ల దగ్గరగా పోతుంది. నేరుగా వెళ్లే విమానం లేదు కాబట్టి ఎక్కడో ఒకచోట మారక తప్పదు. దుబాయ్ మీదుగా అయితే 2,550, 12,900 కలిపి సుమారు 15,450. లండన్ హీత్రో మీదుగా 7,750, 7,630 కలిపి సుమారు 15,380. అంటే దూరంలో తేడా లేనట్టే. గాల్లో ఉండే సమయం కూడా రెండు దారుల్లోనూ 20 గంటలకు అటూఇటూ.

తేడా అంతా ఆ గంటల పంపకంలో ఉంది. దుబాయ్ దారిలో మొదట నాలుగు గంటలు, తర్వాత ఏకబిగిన పదహారు. లండన్ దారిలో పదీ పదీ. మోకాళ్ల నొప్పులూ కాళ్ల వాపులూ ఉన్న అమ్మానాన్నల్ని పంపేటప్పుడు టికెట్ ధరలు దగ్గరగా ఉంటే లండనే మేలు. మధ్యలో లేచి నాలుగడుగులు వేయడానికి వీలు దొరుకుతుంది. మధ్యలో ఆరేడు గంటలకు మించి ఆగాల్సి వస్తే మాత్రం దుబాయే నయం. అక్కడ టెర్మినల్ 3లో ఇమిగ్రేషన్ దాటకుండానే గది తీసుకుని పడుకోవచ్చు. దోహా మీదుగా వెళ్తే అక్కడి విమానాశ్రయంలోనూ ఓరిక్స్ హోటల్ అలా లోపలే ఉంది.

టికెట్ మీద తెల్లవారుజామున 4:00కి బయలుదేరి అదే రోజు మధ్యాహ్నం 3:30కి చేరినట్టు ఉంటే అది పదకొండున్నర గంటల ప్రయాణం అనుకోకండి. వేసవిలో డాలస్ మనకంటే 10:30 గంటలు వెనక, కాబట్టి మొత్తం 22 గంటలు. నవంబర్ మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా ఆ తేడా 11:30 అవుతుంది. అప్పుడు అవే వేళలకు 23 గంటలు పడుతుంది. తిరుగు ప్రయాణంలో పడమటి గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి డాలస్-దుబాయ్ విమానానికి వెళ్లేటప్పటికంటే గంటో గంటన్నరో తక్కువ పడుతుంది.

రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్ మీద ఉండాలి. చవకని విడివిడిగా కొంటే మొదటి విమానం ఆలస్యమైనప్పుడు రెండోది పోయినట్టే, ఆ డబ్బు ఎవరూ ఇవ్వరు. పైగా మధ్యలో బయటికొచ్చి పెట్టెలు తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలి, దానికి ఆ దేశపు వీసా అడగొచ్చు. మారడానికి రెండు గంటల లోపుంటే ఆ టికెట్ వదిలేయండి, పెద్దవాళ్లకి మూడు గంటలైనా కావాలి. వీల్‌చెయిర్ టికెట్ కొన్నప్పుడే రాయించి, ప్రయాణానికి రెండు రోజుల ముందు ఫోన్ చేసి ఉందో లేదో చూసుకోవాలి.

డాలస్‌లో దిగి ఆస్టిన్‌కో హ్యూస్టన్‌కో వెళ్లేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పెట్టెల మీద చివరి ఊరి ట్యాగ్ ఉన్నా సరే, డాలస్‌లో ఇమిగ్రేషన్ అయ్యాక సాధారణంగా వాటిని బెల్టు మీద నుంచి తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్లీ అప్పగించాలి (లండన్ హీత్రో నుంచి అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో వచ్చి అందులోనే ముందుకెళ్లేవాళ్లకి ఇదీ, మళ్లీ సెక్యూరిటీ కూడా అక్కర్లేకపోవచ్చు). ఆ తర్వాత సెక్యూరిటీ అయ్యాక టెర్మినళ్ల మధ్య స్కైలింక్ రైలు ఉంది, దానికి టికెట్ అక్కర్లేదు.